మహారాజశ్రీ పెన్‌డ్రైవ్ గారికి

అయ్యా,

మొన్న సిరిమానోత్సవం రోజు తమరు చూపిన కటాక్షానికి విజయనగరం నుంచి శతకోటి దండాలు. ఇంటినిండా చుట్టాలు. నిరుటి సిరిమాను వీడియో టీవీలో పెట్టమని మా అత్త అడగడం, కరెంటు పోవడం ఒకేసారి జరిగాయి. కాసేపటికి కరెంటు వచ్చింది, సర్వర్ డబ్బాలో వర్చువల్ మెషిన్లని (వీఎంలని) నడిపే ప్రాక్స్‌మాక్స్ లేచింది, డిస్కులు తిరిగాయి. ఆ డిస్కుల్లోని వీడియోలు అందించే, తమరి నుంచే బూట్ అవ్వాల్సిన అన్‌రెయిడ్ వీఎం మాత్రం నల్లతెర మీద 'నో బూటబుల్ డివైస్' (బూట్ చెయ్యడానికి ఏ డ్రైవూ లేదు) అని ఒక్క ముక్క రాసి ఊరుకుంది. వెనక పోర్టులో మీ లైటేమో మిణుకుమంటూనే ఉంది!

"ఏటి బాబూ, అంత పెద్ద డబ్బా కొన్నావు, ఆ పుల్లముక్క పలక్కపోతే ఏటీ రాదేటి?" అంది అత్త.

రాదు. అదే నా బాధ. బూట్ అయ్యేటప్పుడు బీజెడ్‌ఇమేజ్ (కెర్నెల్), బీజెడ్‌రూట్ (మిగతా ఓఎస్) అనే ఫైళ్లని ర్యామ్‌లోకి ఎక్కించడం, ఆ తర్వాత సెట్టింగులు దాచిపెట్టడం తప్ప మీకు పెద్ద పనేం ఉందని? ఓఎస్ నడిచేది ర్యామ్‌లో. అయినా మీరు లేకుండా అడుగు పడదు.

తప్పించుకునే దారులు చూడకపోలేదు. ప్రాక్స్‌మాక్స్ బదులు ఈఎస్‌ఎక్స్‌ఐ వాడిన రోజుల్లో వీఎం బయోస్‌కి (బూట్ మొదలుపెట్టే ప్రోగ్రాంకి) యూఎస్‌బీ నుంచి బూట్ చెయ్యడం రాదని, ప్లాప్ అనే బూట్ మేనేజర్ ఐఎస్ఓని మధ్యవర్తిగా పెట్టాం. టీ కాచుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా బీజెడ్‌రూట్ పక్కన చుక్కలు పడుతూనే ఉండేవి. ఇలా కాదని ఆ ఫైళ్లని చిన్న వీఎండీకేలోకి (వీఎం డిస్కు ఫైల్లోకి) కాపీ చేసి, దాన్నుంచి బూట్ చేశాను. చకచకా లేచింది. లేచీ లేవగానే ఏం చేసిందనుకున్నారు? అన్‌రెయిడ్ అనే లేబులున్న డ్రైవ్ ఎక్కడని వెతికింది! లైసెన్సు మీ జీయూఐడీకి (మీ ఒక్కరికే ఉన్న గుర్తింపు నంబరుకి) ముడిపెట్టి ఉంది మరి. పెళ్లి ఎవరు చేయించినా తాళిబొట్టు మీ జేబులోనే. పైగా అప్‌డేట్ వచ్చి మీ మీద కూర్చుంటుంది, వీఎండీకేలో పాత కెర్నెల్ అలాగే ఉంటుంది. మళ్లీ చేత్తో కాపీ కొట్టాలి.

ఆ పాత బయోస్ వదిలేసి ఓవీఎంఎఫ్‌కి (వీఎంల యూఈఎఫ్ఐకి) మారదామంటే మీలో ఉన్న ఈఎఫ్ఐ ఫోల్డర్ పేరు చివరున్న గీత తీసెయ్యాలట. అదో ముచ్చట.

ఇంకా నీకు మర్యాదేంటి? బొటనవేలంత లేవు, టీబీలకి టీబీల డిస్కుల్ని గుమ్మంలో నిలబెడతావా? పీకి మళ్లీ గుచ్చితే బుద్ధిగా లేచావు. అప్పటికి చుట్టాలు కాంప్లెక్స్‌లో బస్సెక్కేశారు.

విను. కొత్త పెన్‌డ్రైవ్ కొంటున్నాను. లైసెన్సు దానికి మార్చిన మరుక్షణం నీ జీయూఐడీ బ్లాక్‌లిస్టులోకి పోతుంది. తర్వాత నీ నిండా పాత పాటలు కుక్కి మా బావ ఆటోకి ఇచ్చేస్తాను. కోట జంక్షన్ గతుకుల్లో ఊగుతూ పాడుకో.

ఇట్లు,
రూట్ యూజర్