మాంట్‌గోమరీ బస్సుల కథలో మిగతా ఆడవాళ్లు

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, మాంట్‌గోమరీ నగరంలో నల్లవాళ్లు సిటీ బస్సులను బహిష్కరించిన ఉద్యమం గురించి మీరు రాసిన వ్యాసం చదివాను. పని చేసి అలసిపోయిన రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ బస్సులో తెల్లవాళ్లకు సీటు వదల్లేదు, ఉద్యమం మొదలైంది అని అందులో ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆవిడ అప్పటికే ఏళ్లుగా నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడే ఎన్‌ఏఏసీపీ అనే సంస్థ స్థానిక శాఖలో పనిచేస్తున్న కార్యకర్త. ఆవిడ అరెస్టయింది 1955 డిసెంబరు 1న. అంతకు తొమ్మిది నెలల ముందే అదే ఊళ్లో క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ల అమ్మాయి లేవనన్నందుకు పోలీసులు బస్సులోంచి ఈడ్చుకెళ్లారు. ఆ పిల్ల పేరే లేదు మీ వ్యాసంలో.

పార్క్స్ అరెస్టయిన రాత్రి తెల్లారేదాకా కూర్చుని బస్సులెక్కొద్దని వేలకొద్దీ కరపత్రాలు తీసింది జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ టీచర్. తమాషా ఏమిటంటే, మొదట్లో ఉద్యమకారులు బస్సుల్లో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ వేరువేరు సీట్లనే విభజన రద్దు కూడా అడగలేదు. డ్రైవర్లు మర్యాదగా మాట్లాడాలి, ఎవరు ముందెక్కితే వాళ్లకే సీటు దక్కాలి, నల్లవాళ్ల బస్తీల రూట్లలో నల్ల డ్రైవర్లను పెట్టాలి. అంతే! దానికీ నగర అధికారులు, బస్సు కంపెనీ ఒప్పుకోలేదు.

381 రోజులు బస్సెక్కకుండా ఉండాలంటే ఉపన్యాసాలు చాలవు కదా, జనాన్ని పనులకు చేరవేసే కార్లకు పెట్రోలు కావాలి. జార్జియా గిల్మోర్ అనే వంటావిడ తోటి ఆడవాళ్లను కూడగట్టి, చికెన్, కేకులు వండి అమ్మి ఆ డబ్బు ఉద్యమానికిచ్చింది. యజమానులకు తెలిస్తే ఉద్యోగాలు పోతాయని వండేవాళ్ల పేర్లు గుట్టుగా ఉంచేవారు.

ఇంకొకటి. బస్సుల్లో విభజన చట్టాన్ని కొట్టేయించింది పార్క్స్ కేసు కాదు, బ్రౌడర్ వర్సెస్ గేల్ అనే మరో కేసు. అరీలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయీజ్ స్మిత్, కాల్విన్ వేసిన ఆ కేసులో 1956 నవంబరులో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన నిలిచింది. రెండో భాగం రాస్తానన్నారుగా, ఈ నలుగురికీ అందులో చోటివ్వండి.