కొబ్బరి కొట్టు కంప్యూటర్ గారికి గుమాస్తా విన్నపం

మహారాజశ్రీ కంప్యూటర్ గారికి అంబాజీపేట కొబ్బరి కొట్టు గుమాస్తా నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఉభయకుశలోపరి అని రాద్దామంటే మీకు కుశలం లేదు, మీవల్ల నాకూ లేదు. మిమ్మల్ని పాడు చేసింది నేనేనని షావుకారు గారు వచ్చిన వారందరికీ చెబుతున్నారు. కొంత నిజమే. ఎంతో చెప్పేస్తాను.

మీ వంశంతో నా వైరం విండోస్ 98 నాటిది. కన్‌సైన్‌మెంటు ఖాతాకు సి, ఓ, ఎన్ అని మూడక్షరాల పేరు పెడదామంటే ససేమిరా అన్నారు. విండోస్ కన్నా ముందు వచ్చిన డాస్ కాలం నుంచి ఆ పేరు కీబోర్డుకు, తెరకు కేటాయించినదట. మా నాయనమ్మా అంతే. తాతయ్య పేరు వెంకటేశ్వర్లు కాబట్టి తిరుపతి దేవుణ్ణి ‘కొండ మీద ఆయన’ అనేది. అయితే ఇంకెవరైనా ఆ పేరు పలికితే ఆవిడ మూర్ఛపోయేది కాదు. మీ పెద్దలు పోయేవారు. ఆ పేరు లోపల మళ్లీ ఆ పేరే రాసి తెరవమంటే చాలు, నీలం తెర పరిచి పడుకునేవారు. భోజనానికి పెందరాళే వెళ్లాలనిపించిన రోజున నేను అలా పిలిచేవాడిని. ఒప్పుకుంటున్నాను.

బల్లిని మాత్రం నా ఖాతాలో రాయకండి. 1947లో అమెరికాలో హార్వర్డ్ మార్క్ 2 యంత్రంలో రెక్కల పురుగు దొరికితే లాగ్‌బుక్కులో అతికించి దాచుకున్నారు. మీ పవర్ సప్లైలో మాడిన బల్లిని నేను కొబ్బరి ఈనెతో లాగి పారేశాను. షావుకారు గారు పంచాంగం తీసి, ఏ వైపు పడిందని అడిగారు.

ఆయన మేనల్లుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. డిస్కులో చోటు చాలడం లేదంటే సిస్టమ్ 32 అనే ఫోల్డరు చూసి, “ఇది 64 బిట్ల కంప్యూటర్ మావయ్యా, 32 పాత సామాను” అని తేల్చాడు. అనుమతి లేదని మీరు మొత్తుకున్నారు. పట్టాదారు పాసుపుస్తకంలోలాగా యాజమాన్యం తన పేరిటకు మార్చుకుని మరీ తుడిచాడు. తీరా చూస్తే 64 బిట్ల ప్రాణమంతా ఆ 32 పేరున్న గదిలోనే ఉంది! 32 బిట్ల సామానేమో 64 పేరున్న పక్క గదిలో ఉందట. ఇలా పేర్లు పెట్టినవారిని వదిలేసి కుర్రవాణ్ణి తిట్టడం ఏ న్యాయం?

మెకానిక్కు వచ్చి మిమ్మల్ని బతికించాడు. మొన్న దసరాకు ఆయుధ పూజ వచ్చింది. కాటాకు, కాయలు ఒలిచే గునపానికి, మీకు వరసగా బొట్లు పెట్టారు. మౌసు అడుగున ఎర్రగా వెలిగే కంటికి గంధం పూశారు. బాణం గుర్తు ఉన్నచోటే నిలిచిపోయింది. కొబ్బరి కొట్టులో పూజకు నాసి కాయ కొడతారా? ఊపి చూసి, నిండు నీళ్లున్న కాయ ఏరి, మీ పక్కనే కొట్టారు. సరిగ్గా రెండు చెక్కలైంది. అందరూ శుభమన్నారు. నీళ్లు ఎటు వెళ్లాయో నేనొక్కణ్ణే చూశాను. ఎంటర్ దగ్గర మొదలై, స్పేస్ బార్ కిందుగా పారి, అంచు నుంచి చిట్టా పుస్తకం మీద బొట్టుబొట్టుగా పడ్డాయి. రోగులకు బలమిచ్చే ఆ లవణాలే కరెంటును చక్కగా మోస్తాయని మీకు నేను చెప్పాలా?

మర్నాడు మీరు తెర మీద రాసింది చదివి గంటసేపు కూర్చున్నాను: “కీబోర్డు కనిపించలేదు. కొనసాగడానికి ఎఫ్ 1 నొక్కండి.”

కొత్త కీబోర్డు రేపు అమలాపురం నుంచి వస్తోంది. షావుకారు గారు దాని పూజకు కాయ తీసి పక్కన పెట్టారు. నేనూ ఊపి చూశాను. నిండుగా ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు,
గుమాస్తా