"పాత బండి అంతే సార్!"

మైలేజీ పడిపోయిందని ఏడాదిగా తిరుపతిలో నేను ఎవరి ముందు బానెట్ ఎత్తినా ఇదే మాట. మెకానిక్, ఆఫీసులో పక్క సీటాయన, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, చివరికి చిత్తూరులో మా మామగారు కూడా. "పన్నెండేళ్ళ బండి నాయనా, ఇంకెంత ఇస్తుంది? అమ్మేసి కొత్తది తీసుకో." అమ్మేయమని చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఇలాగే తేలిగ్గా చెబుతారు. ఈఎంఐ కట్టేది వాళ్ళు కాదు కదా.

నాది 2013 మోడల్ చిన్న పెట్రోలు కారు. 796 సీసీ, మూడు సిలిండర్లు, 94 వేల కిలోమీటర్లు తిరిగింది. ఊళ్ళో, హైవేలో కలిపి లీటరుకి 17 ఇచ్చేది. అది 12కి దిగింది. నెలకి నేను తిరిగేది 900 కిలోమీటర్లు. 17 ఇస్తే 53 లీటర్లు సరిపోతాయి, 12 ఇస్తే 75 కావాలి. లీటరు 110కి అటూ ఇటూగా ఉన్న మన ఊళ్ళో ఆ 22 లీటర్లకి 2,400 రూపాయలు. మా ఇంటి పాలబిల్లు అంతకంటే తక్కువ.

నా కోపం బండి మీద కాదు, ఆ మాట మీద. ఇంజన్ అరిగితే మైలేజీ తగ్గుతుంది, కాదనను. రింగులు అరిగి కంప్రెషన్ పోయిన బండి ఆయిల్ తాగుతుంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ వదులుతుంది, కొండ ఎక్కమంటే ఏడుస్తుంది. నా బండి సర్వీసుకీ సర్వీసుకీ మధ్య చుక్క ఆయిల్ అడగదు. పైగా అరుగుదల ఏళ్ళ తరబడి మెల్లగా జరిగే పని. ఎనిమిది నెలల్లో అయిదు కిలోమీటర్లు పడిపోతే అది వయసు కాదు, ఏదో ఒక జబ్బు. మనిషికి అరవై దాటాయని జ్వరాన్ని కూడా వయసు ఖాతాలో రాస్తామా?

మొదట నేను కూడా అందరిలాగే చేశాను. ఎవరేం మార్చమంటే అది మార్చాను. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్ క్లీనింగ్, ట్యాంకులో పోసే ఒక సీసా మందు. ఆరు వేలు వదిలాయి. మైలేజీ 12 దగ్గరే కూర్చుంది. ఎయిర్ ఫిల్టర్ సంగతి తర్వాత అర్థమైంది. అది కార్బురేటర్ కాలం నాటి సలహా. ఇంజెక్షన్ బండిలో ఎంత గాలి వస్తోందో సెన్సార్ చూసి, దానికి తగ్గట్టే కంప్యూటర్ పెట్రోలు వదులుతుంది. ఫిల్టర్ మూసుకుపోతే పికప్ తగ్గుతుంది కానీ మైలేజీ ఇంతగా పడదు.

ప్లగ్గుల దగ్గర మాత్రం నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. తీసిన పాత ప్లగ్గులు మూడూ పొడి మసితో నల్లగా, కాటుక పూసినట్టు ఉన్నాయి. మెకానిక్ వాటిని నాకు చూపించి "చూశారా సార్, ఎంత పాడైపోయాయో" అని చెత్తడబ్బాలో పడేశాడు. జబ్బేంటో చెప్పిన సాక్షిని తీసుకెళ్ళి చెత్తలో వేశాడన్నమాట! ప్లగ్గు మీద పొడి మసి పట్టిందంటే ఇంజన్‌కి గాలి కంటే పెట్రోలు ఎక్కువ వెళ్తోందని అర్థం. ఎందుకు వెళ్తోందని ఆయన అడగలేదు. అడగాలని నాకప్పుడు తెలీదు.

సరే, ఎవరినీ నమ్మకుండా నేనే మొదటి నుంచి చూద్దామనుకున్నాను. ముందు అసలు ఎంత ఇస్తోందో కొలవాలి. మనవాళ్ళు మైలేజీ చెప్పే పద్ధతి చూస్తే నవ్వొస్తుంది. అయిదు వందలకి పోయించి, ముల్లు కిందికి రాగానే "పదే ఇస్తోంది" అనేస్తారు. ఆ ముల్లు సగం వరకు మెల్లగా దిగి, అక్కడి నుంచి జారుడుబండ ఎక్కుతుంది. కొలవాలంటే ఒకటే దారి. ఫుల్ ట్యాంక్ కొట్టించి, గన్ తనంతట తాను ఆగిన చోట వదిలేసి, మీటర్ రాసుకోవాలి. కనీసం 300 కిలోమీటర్లు తిరిగి, అదే బంకులో మళ్ళీ ఫుల్ కొట్టించి, పట్టిన లీటర్లతో భాగించాలి. "ఇంకొంచెం పడుతుంది సార్" అని బంకు కుర్రాడు మూతి దాకా పోస్తే లెక్క మొత్తం పోయినట్టే. టైర్ల సైజు మార్చినవాళ్ళు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. 145/80 ఆర్12 తీసి 155/80 వేస్తే చక్రం దాదాపు మూడు శాతం పెద్దదవుతుంది. మీటర్ అంత మేరకు తక్కువ చూపిస్తుంది. పోని మైలేజీ కోసం ఏడవడమంటే ఇదే.

మూడు ట్యాంకులు కొలిచాను. సగటున 12.1.

ఇక్కడ మా ఆఫీసులో పెద్ద చర్చ. "అంతా ఇథనాల్ వల్లే" అన్నారు. ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు మీద నాకూ చిరాకుంది. ఇథనాల్‌లో ఉండే శక్తి అదే లీటరు పెట్రోలులో మూడింట రెండు వంతులే. 20 శాతం కలిపితే మొత్తం మీద ఏడు శాతం దాకా తరుగు. 2021లో నీతి ఆయోగ్ నివేదిక కూడా పాత తరహా కార్లకి 6 నుంచి 7 శాతం తగ్గుతుందనే చెప్పింది. లెక్క వేసుకోండి. 17లో ఏడు శాతం అంటే 1.2. నాకు పోయింది 4.9. మిగతా 3.7 ఏ ఇథనాల్ తాగింది? నిజమైన కారణం ఒకటి దొరికితే చాలు, తతిమ్మా తప్పులన్నీ దాని వెనక దాక్కుంటాయి. చిత్తూరులో ఇంకో వైద్యం ఉంది, బోర్డర్ దాటి తమిళనాడులో పోయించుకోవడం. లీటరు మీద ఏడెనిమిది రూపాయలు మిగులుతాయి, నిజమే. జేబుకి మంచిదే కానీ బండి తాగుడు తగ్గదు.

అసలు ఆచూకీ దొరికింది చిత్తూరు ప్రయాణంలో. అక్కడ ఫుల్ కొట్టించి తిరుపతి వచ్చి, మర్నాడు మళ్ళీ వెళ్ళి అదే బంకులో కొలిస్తే 12.8. ఊళ్ళో లీలామహల్ సర్కిల్ దగ్గర, అన్నమయ్య సర్కిల్ దగ్గర ఆగి ఆగి వెళ్తే 12 రావడం ఒక సంగతి. ఖాళీగా ఉన్న పెద్ద రోడ్డు మీద డెబ్బైలో కదలకుండా వచ్చినా 12.8 ఏమిటి? ఈ బండి హైవేలో 20 ఇచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. ఊరికీ హైవేకీ తేడా లేదంటే, ట్రాఫిక్కూ డ్రైవింగూ కాదు, బండి తన లోపల ఏదో బరువు మోస్తోందని అర్థం.

ఇంటికొచ్చి దిగగానే నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను. వెనక కుడి చక్రం డ్రమ్ము పెనంలా కాలిపోతోంది. మిగతా మూడూ మామూలు వేడే. ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక మెకానిక్ జాకీ మీద ఎత్తి తిప్పితే, అర చుట్టు తిరిగి ఆగింది. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి వెనక్కి రావడం లేదు. అంటే నెలల తరబడి సగం బ్రేకు వేసుకుని తిరుగుతున్నాను! కేబుల్ మార్చి, డ్రమ్ము శుభ్రం చేశారు. నాలుగు టైర్లలో ఒకటి 22 దగ్గర ఉంటే, డ్రైవర్ డోర్ పక్కన స్టిక్కర్ మీద రాసిన ప్రెషర్ చూసి పట్టించాను. "అందరికీ ముప్ఫై" అని గాలిపట్టే అబ్బాయి చెప్పే లెక్క వినలేదు. నైట్రోజన్ అన్నాడు, వద్దన్నాను. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది నాయనా.

తర్వాతి ట్యాంకు 13.9.

ఇథనాల్ తరుగు పోగా ఇంకా రెండు కావాలి. మా తమ్ముడి కొడుకు ఫోనుకి బ్లూటూత్‌తో కలిసే చిన్న స్కానర్ తెచ్చాడు. స్టీరింగ్ కింద పోర్టులో గుచ్చితే ఇంజన్ లోపలి లెక్కలన్నీ ఫోనులో కనిపిస్తాయి. వాడు పక్కన కూర్చున్నాడు, రేణిగుంట వైపు వెళ్ళాం. అరగంటయ్యాక "పెదనాన్నా, కూలెంట్ 64 డిగ్రీల దగ్గరే ఉంది" అన్నాడు. కూలెంట్ అంటే ఇంజన్‌లో తిరుగుతూ దాన్ని చల్లబరిచే ద్రవం. ఇంకో పావుగంట తోలాను, 66. మామూలుగా అయితే అప్పటికి 85 దాటి ఉండాలి. బయట మాడు పగిలే ఎండ, లోపల ఇంజన్‌కి చలి!

డాష్‌బోర్డు మీద వేడి చూపించే ముల్లు ఏడాదిగా సగానికి బాగా కిందే ఉంటోంది. దాన్ని చూసి నేను మురిసిపోయేవాణ్ణి, బండి ఎంత చల్లగా నడుస్తోందో అని. మా ఆవిడకి కూడా చూపించాను గొప్పగా.

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన మే నెలలో రెండో ఘాట్ రోడ్డులో, అయిదుగురం, ఏసీ వేసుకుని కొండ ఎక్కుతుంటే ముల్లు పైకి లేచింది. పక్కకి ఆపి, గోవిందా అంటూ అరగంట నిలబడ్డాం. కిందికి వచ్చాక ఒక షెడ్డులో చూపిస్తే, ఆయన లోపలి నుంచి బొటనవేలంత లోహపు ముక్క ఒకటి పీకి నా చేతిలో పెట్టాడు. "ఇది థర్మోస్టాట్ సార్. చలి దేశాలకి పెడతారు. మన తిరుపతి ఎండకి ఇదెందుకు?" నాకు ఎంత సబబుగా తోచిందో! రెండు వందలు ఇచ్చి, దణ్ణం పెట్టి వచ్చాను.

ఆ ముక్క చేసే పని ఇది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్‌ని దాని వేడి తీసేసే రేడియేటర్ వైపు పోనివ్వదు. లోపలే తిప్పుతుంది, తొందరగా వేడెక్కాలని. 82, 88 డిగ్రీల ప్రాంతంలో దాని లోపలి మైనం కరిగి, వాల్వు తెరుచుకుంటుంది. అది లేకపోతే స్టార్ట్ చేసిన క్షణం నుంచీ కూలెంట్ మొత్తం రేడియేటర్‌లో తిరుగుతుంది. హైవేలో ఎదురుగాలి కూడా తోడు. కాగులో నీళ్ళు కాగుతుండగా పక్క నుంచి చన్నీళ్ళు పోస్తూనే ఉంటే ఎప్పటికి కాగుతాయి? ఇంజన్ ఇంకా చల్లగా ఉందని కంప్యూటర్ అనుకుని, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పటిలా పెట్రోలు ఎక్కువ వదులుతూనే ఉంటుంది. అదే ప్లగ్గుల మీద మసి. ఊళ్ళో ట్రాఫిక్‌లో నిలబడితే కాస్త వేడెక్కుతుంది, హైవే ఎక్కితే మళ్ళీ చల్లబడుతుంది. హైవే మైలేజీ ఎందుకు చచ్చిందో అప్పుడు తెలిసింది. ఇంజన్ సరిగ్గా వేడెక్కకపోతే ఆయిల్‌లోకి చేరిన పెట్రోలు, నీటి ఆవిరి కూడా బయటికి పోవు. అది ఇంకో నష్టం, దాని బిల్లు మెల్లగా వస్తుంది.

థర్మోస్టాట్, గాస్కెట్, కొత్త కూలెంట్ అన్నీ కలిపి పదిహేను వందల లోపు అయ్యాయి. వేసే ముందు నేను పట్టుబట్టి అడిగాను: "మరి ఆ రోజు కొండ మీద ఎందుకు వేడెక్కింది?" చూస్తే రేడియేటర్ ఫ్యాన్‌కి కరెంటు అందించే రిలే కాలు మాడిపోయి ఉంది. ఫ్యాన్ ఒకసారి తిరుగుతుంది, ఒకసారి తిరగదు. ఘాట్ ఎక్కేటప్పుడు బండి మెల్లగా వెళ్తుంది, ఎదురుగాలి చాలదు, ఫ్యాన్ తిరక్కపోతే వేడెక్కక ఏమవుతుంది? తప్పు ఫ్యాన్‌ది, శిక్ష థర్మోస్టాట్‌కి. ఆ షెడ్డాయన మోసగాడేం కాదు. ఆయన గురువు చెప్పింది ఆయన చేశాడు. కానీ ఊరంతా ఇలా పీకి పారేస్తున్న థర్మోస్టాట్లు ఎన్నో, వాటి పేరుతో కాలిపోతున్న పెట్రోలు ఎంతో తలుచుకుంటే బాధేస్తుంది.

కొండ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పకుండా ఉండలేను. దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ వేసేవాళ్ళు, ఏకంగా ఇంజన్ ఆపేసేవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. అయ్యా, ఇంజెక్షన్ బండిలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి. చుక్క కూడా ఖర్చు కాదు. న్యూట్రల్ వేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు తాగుతుంది. ఇంజన్ ఆపేస్తే రెండు మూడు తొక్కుళ్ళకి బ్రేకు రాయిలా గట్టిపడుతుంది. ఆ మలుపుల్లో ఎవరి కోసం ఈ పొదుపు?

తర్వాతి రెండు ట్యాంకులు 15.7, 15.9. హైవేలో 18.4. ఇంతకుముందు 17 ఇచ్చేది కదా, దాంట్లో ఏడు శాతం ఇథనాల్ తరుగు తీస్తే 15.8. లెక్క ఇంత చక్కగా కుదిరితే నాకే అనుమానంగా ఉంది, ఇంకో నాలుగు ట్యాంకులు రాసుకుంటాను. పాప స్కూలు మాత్రం రెండు కిలోమీటర్ల దూరం. ఇంజన్ వేడెక్కేలోపే వచ్చేస్తుంది. ఆ పెట్రోలు ఎవరూ మిగల్చలేరు, స్కూటర్ మీద దింపితే తప్ప.

మొన్న ఆదివారం కాణిపాకం దర్శనం చేసుకుని చిత్తూరు వెళ్ళాం. ఈసారి మామగారి కారులోనే. నా బండి కంటే రెండేళ్ళు పాతది. "తొమ్మిది, పది మించి రావడం లేదు, పాత బండి కదా" అన్నారు. నేను వేడి ముల్లు వైపు చూశాను. గంట నుంచి తిరుగుతున్న బండిలో అది అడుగునే పడుకుని ఉంది.

"మామయ్యా, ఎప్పుడైనా వేడెక్కిందా ఈ బండి?"

"రెండేళ్ళ కింద ఒకసారి. ఆ కుర్రాడు ఏదో ముక్క తీసేశాడు. అప్పటి నుంచి భలే చల్లగా నడుస్తోందిలే."