బంతి చేతిలో లేకపోతే ఆటగాడు కాదా?

2025 డిసెంబరు 13, శనివారం రాత్రి న్యూయార్క్‌లో, అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఇండియానా క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసి ఆట నడిపేవాడు) ఫెర్నాండో మెండోజా చేతికి వెళ్లింది. ఆ ఎంపికతో మాకు పేచీ లేదు. ఓటమి ఎరగని జట్టును నడిపించాడు, ఆ యూనివర్సిటీకి తొలి హైస్‌మన్ తెచ్చాడు, అర్హుడే. మా కోపమంతా ఆ వేదిక మీదికి పిలుపు అందని వాడి గురించి. ఫైనలిస్టులుగా నలుగురిని పిలిచారు. మెండోజా, వాండర్‌బిల్ట్ నుంచి డియేగో పావియా, ఒహాయో స్టేట్ నుంచి జూలియన్ సేయిన్, వీళ్లు ముగ్గురూ క్వార్టర్‌బ్యాక్‌లు. నాలుగోవాడు నోటర్‌డేమ్ రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) జెరమయా లవ్. అదే వారంలో నగర్‌స్కీ, బెడ్నారిక్, బట్కస్, లొంబార్డి అనే జాతీయ అవార్డులు నాలుగింటినీ ఒంటిచేత్తో గెలుచుకున్న టెక్సస్ టెక్ లైన్‌బ్యాకర్ (డిఫెన్స్‌లో, అంటే ఎదుటివాళ్ల దాడిని ఆపే పక్షంలో, ముందు వరుస వెనక ఆడేవాడు) జేకబ్ రోడ్రిగెజ్ మాత్రం ఆ హాల్లో లేడు. ఓట్లలో అతనిది ఐదో స్థానం.

ఇది ఒక్క ఏడాది పొరపాటైతే ఊరుకునేవాళ్లం. 2021లో అలబామా ఎడ్జ్ రషర్ (లైన్ అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాడు) విల్ ఆండర్సన్ 17.5 శాక్స్ చేసినా, అంటే పాస్ వేయకముందే క్వార్టర్‌బ్యాక్‌ని అన్నిసార్లు పడగొట్టినా దక్కింది ఇదే ఐదో స్థానం, పిలుపూ లేదు. ట్రోఫీ అతని జట్టులోని క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్‌కి వెళ్లింది. 2009లో నెబ్రాస్కా డిఫెన్సివ్ టాకిల్ (డిఫెన్స్ ముందు వరుస మధ్యలో ఆడేవాడు) ఎండామకన్ సూ, బిగ్ 12 కాన్ఫరెన్స్ (యూనివర్సిటీ జట్ల లీగ్) ఫైనల్లో టెక్సస్ మీద ఒక్కడే 4.5 శాక్స్ చేశాడు. ఆ రాత్రి మ్యాచ్ చూసినవాళ్లెవరూ మైదానంలో అంతకన్నా గొప్ప ఆటగాడున్నాడని అనలేరు. ఓటర్లు అతన్ని నాలుగో స్థానంలో పెట్టారు. 2012లో నోటర్‌డేమ్ లైన్‌బ్యాకర్ మాంటై టేయో, ఇప్పుడు రోడ్రిగెజ్ గెలిచిన నాలుగు అవార్డులూ గెలిచి రెండో స్థానంలో ఆగిపోయాడు. టేయోకి కనీసం రెండో స్థానమైనా దక్కింది. పదమూడేళ్లు గడిచాక అవే నాలుగు అవార్డులు గెలిచినవాడికి కూర్చోవడానికి కుర్చీ కూడా దొరకలేదు. ముందుకు పోవాల్సింది వెనక్కి పోయాం.

లెక్క కూడా ఇదే చెబుతోంది. 2000 నుంచి 2025 దాకా ఇచ్చిన 26 హైస్‌మన్‌లలో 21 క్వార్టర్‌బ్యాక్‌లకే వెళ్లాయి. మిగిలిన ఐదుగురిలో రెజీ బుష్, మార్క్ ఇంగ్రమ్, డెరిక్ హెన్రీ పరుగు తీసేవాళ్లు, డెవాంటా స్మిత్ పాస్‌లు పట్టేవాడు. ఐదోవాడు ట్రావిస్ హంటర్.

హంటర్ పేరు చెప్పగానే ‘డిఫెన్స్ వాడికీ ఇచ్చాంగా’ అని ఓటర్లు భుజాలు తడుముకుంటారు. 2024లో కొలరాడో తరఫున కార్నర్‌బ్యాక్‌గా (పాస్ పట్టేవాళ్లను కాసేవాడిగా) నాలుగు ఇంటర్‌సెప్షన్లు తీసిన, అంటే ఎదుటివాళ్ల పాస్‌లను నాలుగుసార్లు మధ్యలో పట్టేసిన హంటరే, రిసీవర్‌గా 96 పాస్‌లు పట్టి 1,258 గజాలు సాధించి, 15 టచ్‌డౌన్లు (బంతిని గోల్‌లైన్ దాటించడం) కొట్టాడు. ఆ రెండో పని చేయకుండా మొదటిదే చేసి ఉంటే అతనికీ ఐదో స్థానమే గతి. 1997లో గెలిచిన మిషిగన్ కార్నర్‌బ్యాక్ చార్లెస్ వుడ్‌సన్ సంగతీ అంతే. ఒహాయో స్టేట్ మీద 78 గజాల పంట్ రిటర్న్ (ఎదుటివాళ్లు తన్నిన బంతిని పట్టి ఎదురు పరుగెత్తడం) టచ్‌డౌన్ లేకుండా అతని గెలుపు కథ ఎవరూ చెప్పరు. అతను ఆఫెన్స్‌లో (దాడి చేసే పక్షంలో) పాస్‌లూ పట్టాడు. అంటే డిఫెన్స్ ఆడేవాడు ఈ ట్రోఫీ గెలవాలంటే అవతలి పని కూడా చేసి, బంతి చంకన పెట్టుకుని పరుగెత్తి చూపించాలి. క్వార్టర్‌బ్యాక్‌ని మాత్రం ‘నువ్వు ఎన్ని టాకిల్స్ చేశావు, ఎంతమందిని పట్టి పడగొట్టావు?’ అని ఎవరూ అడగరు. రోడ్రిగెజ్ చేత కూడా ఈ సీజన్ చివర్లో గోల్‌లైన్ దగ్గర బంతి ఇచ్చి ఒక టచ్‌డౌన్ కొట్టించారు. ఓటర్ల కంట పడటానికి దేశంలోకెల్లా మేటి లైన్‌బ్యాకర్‌కి ఆ తంతు అవసరమైందంటే సిగ్గుపడాల్సింది కోచ్‌లు కాదు.

క్వార్టర్‌బ్యాక్ తన జట్టు దాడికి దిగిన ప్రతిసారీ బంతి ముట్టుకుంటాడు కాబట్టి గెలుపోటముల మీద అతని ప్రభావం ఎక్కువ అన్న వాదన ఉంది. నిజమే. కానీ ఈ ట్రోఫీ ఇచ్చేది దేశంలోని అత్యుత్తమ కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడికి అంటున్నారు గానీ, ఎక్కువసార్లు బంతి ముట్టుకున్నవాడికి అనడం లేదు. ‘డిఫెన్స్ వాళ్లకు వేరే అవార్డులున్నాయిగా’ అనే మాట ఇంకా బలహీనమైంది. క్వార్టర్‌బ్యాక్‌లకూ డేవీ ఓబ్రయన్ ఉంది, రన్నింగ్ బ్యాక్‌లకు డోక్ వాకర్ ఉంది, రిసీవర్లకు బిలెట్నికాఫ్ ఉంది. లవ్ డోక్ వాకర్ గెలిచాడు గనక హైస్‌మన్ ఫైనల్‌కి పిలవొద్దని ఎవరైనా అన్నారా? లైన్‌బ్యాకర్లకిచ్చే బట్కస్ గెలిచినవాడికి మాత్రం అదే చాలంటున్నారు.

రోడ్రిగెజ్ ఈ సీజన్లో ఏడు ఫంబుల్స్ చేయించాడు (ఎదుటివాడి చేతిలోని బంతి జారిపోయేలా చేశాడు), నాలుగు ఇంటర్‌సెప్షన్లు తీశాడు. ఈ అంకెల వెనక ఉన్న పనేమిటో చాలామంది ఓటర్లు చూడరు. స్నాప్‌కి, అంటే బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడానికి ముందు లైన్‌బ్యాకర్ లైన్‌కి నాలుగైదు గజాల వెనక నిలబడతాడు. అతని చూపు బంతి మీద ఉండదు, ఎదుటి గార్డ్ (ఆఫెన్స్ ముందు వరుసలో అడ్డుకునేవాడు) మొదటి అడుగు మీద ఉంటుంది. గార్డ్ కిందికి వంగి ముందుకొస్తే రన్. నడుము నిలిపి, చేతులు పైకి పెట్టి వెనక్కి జరిగితే పాస్. పక్కకి లాగి పరుగెడితే రన్ అటువైపు వెళ్తోందని. ఇది తేల్చుకోవడానికి అర సెకను కూడా ఉండదు. పాస్ అనుకుని ఒక్క అడుగు వెనక్కి వేశాక అది రన్ అయితే, ముందున్న ఖాళీ మూసేవాడుండడు, పది గజాలు పోయినట్టే. ఫంబుల్ చేయించడం దీనికన్నా కష్టం. ముందు మనిషిని ఒక చేత్తో బిగించాలి, రెండో చేతి పిడికిలితో బంతి చివర ఉన్న ఖాళీని చూసి గుద్దాలి. గుద్దు తప్పితే టాకిల్ తప్పుతుంది, టాకిల్ తప్పితే టచ్‌డౌన్. ఈ తెగింపు సీజన్లో ఏడుసార్లు ఫలించిందంటే అది అదృష్టం కాదు. వర్జీనియాలో క్వార్టర్‌బ్యాక్‌గా మొదలుపెట్టినవాడు కాబట్టి ఎదుటి క్వార్టర్‌బ్యాక్ ఏం చూస్తున్నాడో అతనికి తెలుసు.

గణాంకాల పట్టిక దీన్నంతా ఒక అంకెలో కుదిస్తుంది, అదీ కొందరికే. టాకిల్స్, శాక్స్‌ని కాలేజీ క్రీడలు నడిపే సంస్థ ఎన్‌సీఏఏ అధికారిక లెక్కల్లోకి తీసుకున్నదే 2000లో. టాకిల్ ఒక్కడిదా, ఇద్దరిదా అన్నది ఆతిథ్య స్టేడియంలో స్కోరు రాసే సిబ్బంది చూపు మీద ఆధారపడుతుంది. మధ్యలో నిలబడే నోస్ టాకిల్ ఇద్దరు బ్లాకర్లను తన మీదికి లాక్కుంటాడు, వెనక లైన్‌బ్యాకర్ ఖాళీగా వచ్చి టాకిల్ చేస్తాడు, నోస్ టాకిల్ లెక్కలో సున్నా పడుతుంది. మేటి కార్నర్‌బ్యాక్ వైపు ఎవరూ పాస్ వెయ్యరు, అతనికీ సున్నాయే. కబడ్డీలో కూతకెళ్లినవాడి పాయింట్లే రాసి, కాలు పట్టి ఆపినవాడి పేరు రాయకుండా వదిలేస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

ఆఫెన్సివ్ లైన్ వాళ్ల (క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి అడ్డుకునే వరుస) గతి అంతకన్నా హీనం. కుడిచేతి క్వార్టర్‌బ్యాక్‌కి కనపడని వైపు కాసేది లెఫ్ట్ టాకిల్ అనే ఆటగాడు. స్నాప్ అవగానే బయటి కాలు వెనక్కి వేస్తూ జరగాలి. మరీ బయటికి జరిగితే రషర్ లోపలి నుంచి దూరతాడు, ఆలస్యమైతే బయటి నుంచి చుట్టేస్తాడు, చేతులు ఛాతీ దాటి వెడల్పుగా పడితే హోల్డింగ్ (ఎదుటివాణ్ని పట్టుకుని ఆపిన తప్పు) ఫ్లాగ్, పది గజాల శిక్ష. మూడు సెకన్లు అతను నిలబెట్టకపోతే మెండోజా అయినా పావియా అయినా పాస్ వెయ్యలేడు. ఇంత చేసినా అధికారిక గణాంకాల్లో అతనికంటూ ఒక్క గడి లేదు. ఎన్ని శాక్స్ వదిలాడన్నది ప్రైవేటు సంస్థలు వీడియో చూసి కట్టే లెక్క. 1935 నుంచి ఇన్నేళ్లలో ఒక్క ఆఫెన్సివ్ టాకిల్ గానీ గార్డ్ గానీ సెంటర్ గానీ హైస్‌మన్ గెలవలేదు. ఒహాయో స్టేట్ టాకిల్ జాన్ హిక్స్ 1973లో రెండో స్థానం దాకా వచ్చాడు. అదే యూనివర్సిటీకి చెందిన ఒర్లాండో పేస్ 1996లో నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నాడు.

ఇదంతా ఓటింగ్ పద్ధతిలోనే ఉంది. ఆరు ప్రాంతాల నుంచి 145 మంది చొప్పున 870 మంది మీడియా ఓటర్లు, బతికున్న మాజీ విజేతలు, అభిమానులందరికీ కలిపి ఒక్క ఓటు. మాజీ విజేతల్లో అత్యధికులు క్వార్టర్‌బ్యాక్‌లు, రన్నింగ్ బ్యాక్‌లే అన్నది గమనించాలి. బ్యాలెట్‌లో మూడు పేర్లు, వాటికి 3, 2, 1 పాయింట్లు. కాన్ఫరెన్స్ ఫైనల్స్ శనివారం అయిపోతాయి, సోమవారానికి బ్యాలెట్ పంపాలి. ఫుల్‌టైం రిపోర్టింగ్ చేసుకునే మనిషి ఆ రెండు రోజుల్లో 2025లో ఆడిన 136 జట్ల ఆటగాళ్ల వీడియోలు చూడడు. పాసింగ్ గజాల జాబితా తీస్తాడు, మొదటి మూడు పేర్లు రాస్తాడు. మూడు గడులు క్వార్టర్‌బ్యాక్‌లతోనే నిండిపోతాయి, నాలుగో ఆలోచనకు చోటుండదు. ఎవరు ఎవరికి ఓటేశారో అవార్డు ఇచ్చే హైస్‌మన్ ట్రస్ట్ బయటపెట్టదు గనక ఆ బద్ధకానికి జవాబుదారీ కూడా లేదు.

సరిచేయడం కష్టమా? ఏమీ కాదు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అవార్డుకి ఒకప్పుడు ఒక్క పేరే రాయించిన వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ 2022 సీజన్ నుంచి ఐదు పేర్లకు మారింది. హైస్‌మన్ ట్రస్ట్ కూడా బ్యాలెట్‌ని ఐదు పేర్లకు పెంచాలి, అందులో కనీసం ఒకటి డిఫెన్స్ నుంచో లైన్ నుంచో ఉండి తీరాలని నియమం పెట్టాలి. మొదటి స్థానం ఎవరికివ్వాలో ఓటరిష్టం, కానీ వెతకకుండా తప్పించుకునే దారి మూసుకుపోతుంది. ఫలితం వచ్చాక ప్రతి బ్యాలెట్‌నీ పేరుతో సహా ప్రచురించాలి. అసోసియేటెడ్ ప్రెస్ టాప్ 25 జట్ల ర్యాంకింగ్ ఓటర్లు ప్రతి వారం ఆ పని చేస్తూనే ఉన్నారు, మేజర్ లీగ్ బేస్‌బాల్ ఎంవీపీ బ్యాలెట్లూ బయటికొస్తాయి, ఆకాశం ఊడిపడలేదు. ఐదోవాడు నాలుగు జాతీయ అవార్డులు పట్టుకుని నిలబడ్డప్పుడు ఐదో కుర్చీ వెయ్యాలి.

ఇది ఒక్క రాత్రి వేడుక గొడవేగా అనుకునేవాళ్లకు ఒక మాట. 2025 జూలై నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లిస్తున్నాయి. అన్ని క్రీడలకూ కలిపి ఒక్కో యూనివర్సిటీ పరిమితి తొలి ఏడాది (2025-26) 2.05 కోట్ల డాలర్లు. ఆ సొమ్ము పంచేచోట పేరుప్రతిష్ఠలు బేరానికొస్తాయి. డాలస్, హ్యూస్టన్ శివార్లలో మన తెలుగు కుటుంబాల పిల్లలూ ఈ ఆట ఆడుతున్నారు, చూస్తున్నారు. వేసవిలో వాళ్లు వెళ్లే సెవెన్ ఆన్ సెవెన్ టోర్నీల్లో లైన్‌మెన్ ఉండరు, పాస్ వేసేవాళ్లు, పట్టేవాళ్లు, పట్టకుండా ఆపేవాళ్లు ఉంటారు. ఒళ్లు బలంగా ఉన్న కుర్రాడికి, బ్లాక్ చెయ్యడం నేర్చుకునేవాడికి ఈ దేశపు అత్యున్నత పురస్కారం తొంభై ఏళ్లుగా ‘నీకు చోటు లేదు’ అనే చెబుతోంది. ఇప్పుడు లైన్‌బ్యాకర్‌కీ అదే చెప్పింది.

ఓటు ఉన్నవాళ్లలో చాలామంది మాలాగే పత్రికల్లో పనిచేసేవాళ్లు. వారంవారం ‘డిఫెన్సే ఛాంపియన్‌షిప్‌లు గెలుస్తుంది’ అని రాసేది మీరే, డిసెంబరులో బ్యాలెట్ మీద ముగ్గురు ఆఫెన్స్ వాళ్ల పేర్లు రాసి పంపేదీ మీరే. రాసినది నమ్మితే అలాగే ఓటెయ్యండి. వీడియో చూసే తీరిక లేకపోతే ఆ బ్యాలెట్ తిరిగిచ్చేయండి, చూసేవాళ్లు వేస్తారు.