మహారాజశ్రీ గ్యాస్ టాప్‌అప్ గారికి

మహారాజశ్రీ గ్యాస్ టాప్‌అప్ గారి దివ్యసముఖమునకు స్ప్లిట్ ఏసీ యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు క్షేమమని బిల్లు చూస్తేనే తెలుస్తోంది. మా క్షేమం అడగకండి, గదిలో మళ్ళీ ఉక్కపోత మొదలైంది.

నిరుడు వేసవి రిపేరు బిల్లులో మొదటి వరస తమరిదే. ఈ వేసవీ తమరిదే. మధ్యాహ్నానికల్లా వస్తానన్న మెకానిక్ చీకటి పడ్డాక వచ్చాడు. గేజీ తగిలించాడు, "గ్యాస్ అయిపోయింది సార్" అన్నాడు, సిలిండర్ తిప్పాడు, వెళ్ళిపోయాడు. ఎన్ని గ్రాములు పట్టిందో బిల్లులో లేదు. పాత గ్యాస్ ఏ దారిన పోయిందో అసలే లేదు.

అయిపోవడానికి అదేమన్నా పెట్రోలా అండీ? ఏసీలో గ్యాస్ మండదు, అరగదు, ఖర్చు కాదు. కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది. ఆ గ్యాస్ అవుట్‌డోర్ కాయిల్‌లో వేడిని వదిలి ద్రవమవుతుంది. సన్నటి కేపిలరీ గొట్టాన్నో, ఇన్వర్టర్ ఏసీల్లో అయితే ఎక్స్‌పాన్షన్ వాల్వునో దాటి, ఇండోర్ కాయిల్‌లో గది వేడిని పీల్చుకుని, ఆవిరై తిరిగి కంప్రెసర్‌కు చేరుతుంది. లీకు లేకపోతే ఏసీ బతికినన్నాళ్ళూ అదే గ్యాస్ తిరగాలి. వంటింట్లో ఫ్రిజ్ చేసేదీ ఇదే పని. దానికి ఏటా గ్యాస్ పట్టించేవాళ్ళను ఎవరైనా చూశారా?

కాబట్టి గ్యాస్ నిజంగా తగ్గిందంటే చిల్లు పడిందని అర్థం. ఆ చిల్లు వెతకడం తమ మర్యాదకు భంగం కాబోలు, ఎప్పుడూ ఆ ఊసెత్తరు.

వెతకడం బ్రహ్మవిద్యేమీ కాదు. స్ప్లిట్ ఏసీలో ముందు అనుమానించాల్సినవి నాలుగు ఫ్లేర్ నట్లు. రెండు ఇండోర్ యూనిట్ వెనక టేపు చుట్టుకుని దాక్కుంటాయి, రెండు అవుట్‌డోర్ యూనిట్ పక్కన బయటికే కనిపిస్తుంటాయి. ఏసీ బిగించిన రోజున రాగి గొట్టం మూతిని చేత్తో విప్పార్చి చేసిన జాయింట్లవి. కోసిన అంచు లోపల రజను గీకకపోయినా, మూతి వంకరగా విప్పుకున్నా, రెండు స్పానర్లు పట్టకుండా ఒక్కదానితోనే మెలిపెట్టినా అక్కడే ఊరుతుంది. గట్టిగా బిగిస్తే మంచిదనుకునే భీములు కొందరుంటారు, వాళ్ళ చేతిలో రాగి చిట్లుతుంది. పావు అంగుళం గొట్టం నట్టుకు సాధారణంగా 14 నుంచి 18 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు, దానికి టార్క్ రెంచ్ అనే పనిముట్టు ఉంది. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కూడా కొద్దికొద్దిగా తిరుగుతుంది కనుక, లీకున్న చోట దుమ్ము జిడ్డుగా నల్లబడి అంటుకుంటుంది. టేపు విప్పి టార్చి వేస్తే చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. సబ్బు నురగ రాస్తే బుడగలొస్తాయి. కాయిల్ గొట్టానికి కంటికి ఆనని రంధ్రాలు పడ్డప్పుడు మాత్రం నురగ చాలదు, ఎలక్ట్రానిక్ లీక్ డిటెక్టర్ కావాలి.

పైగా మీ మెకానిక్ గేజీ చూపించి నోరు మూయిస్తాడు. "చూడండి, ప్రెషర్ లేదు!" ఏసీ ఆగి ఉన్నప్పుడు ఆ గేజీ చెప్పేది గ్యాస్ ఎంతుందో కాదు, ఎండ ఎంతుందో. లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నంతవరకు, 35 డిగ్రీల వేడిలో ఆర్-32 అనే గ్యాస్ దాదాపు 300 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) చూపిస్తుంది. తొమ్మిది వందల గ్రాములున్నా అంతే, అయిదు వందలున్నా అంతే. నడుస్తున్నప్పుడు చూద్దామా? పాత ఆర్-22 గ్యాస్ ఏసీకి లో సైడు (కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే వైపు) 65, 70 పీఎస్‌ఐ మామూలు. ఆర్-410ఏ, ఆర్-32 గ్యాస్‌లకు 115 నుంచి 130 దాకా ఉండాలి. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం మారినప్పుడల్లా ముల్లూ మారుతుంది, ఆ వేగాన్ని నిలకడగా ఉంచే టెస్ట్ మోడ్‌లో పెట్టకుండా చూస్తే ఆ అంకెకు అర్థం లేదు. అన్నిటికన్నా ఘోరం, ఫిల్టర్‌కు దుమ్ము పట్టినా ముల్లు కిందికే దిగుతుంది. కాయిల్ మీదికి గాలి రాకపోతే దానికి వేడి అందదు, వేడి అందకపోతే ప్రెషర్ పడిపోతుంది. అంటే కుళాయి కింద కడుక్కుంటే పోయే జబ్బుకు నువ్వు సిలిండర్ విప్పుతున్నావు. అలా ఎక్కించిన గ్యాస్ ఫిల్టర్ కడిగిన రోజున ఎక్కువైపోతుంది. హై సైడు (కంప్రెసర్ నుంచి గ్యాస్ బయటికెళ్ళే వైపు) ప్రెషర్ పెరిగి, కరెంటు ఎక్కువ లాగి, చివరికి ద్రవం కంప్రెసర్‌లోకి తోసుకొస్తుంది. ఆ తర్వాత వచ్చే బిల్లు పేరు కంప్రెసర్ మార్పిడి. అదీ నీ పుణ్యమే.

అవును, గారూ గీరూ ఇక చాలు.

గ్యాస్ నిజంగా తక్కువైతే గుర్తులు వేరేగా ఉంటాయి. కాయిల్‌లోకి గ్యాస్ ప్రవేశించే మూలలో, సన్నగొట్టం మీద మంచు కడుతుంది, మిగతా కాయిల్ గోరువెచ్చగానే ఉంటుంది. అవుట్‌డోర్ ఫ్యాన్ గాలిలో వేడి ఉండదు, క్లాంప్ మీటర్ పెడితే రేటింగ్ ప్లేటు మీదకన్నా బాగా తక్కువ కరెంటు చూపిస్తుంది. కాయిల్ మొత్తం మంచు కప్పేస్తే ముందు గాలి దారి చూడాలి: ఫిల్టర్, బ్లోయర్, కాయిల్ మీద మట్టి. ఈ తేడా చూడ్డానికి పట్టేది అయిదు నిమిషాలు. నీకు ఆ అయిదు నిమిషాలు ఎప్పుడూ దొరకవు.

లీకు తేలిందే అనుకుందాం. ఉన్న గ్యాస్‌ను రికవరీ మెషీన్‌తో వెనక్కి తీయాలి, గాలిలోకి వదలకూడదు. జాయింటు మళ్ళీ చేయాలి. మాన్యువల్ చెప్పిన ఒత్తిడి దాకా నైట్రోజన్ ఎక్కించి, కొన్ని గంటలు ముల్లు కదలకుండా ఉందో లేదో చూడాలి. కొందరు మహానుభావులు ఇక్కడ ఆక్సిజన్ వాడతారు. ఒత్తిడిలో అది నూనెను తాకితే పేలే ప్రమాదం ఉంది. తర్వాత వాక్యూమ్ పంపు పెట్టి 500 మైక్రాన్ల (వాక్యూమ్ కొలత) కిందికి లాగాలి. పంపు ఆపాక ముల్లు కాస్త పైకెక్కి నిలిచిపోతే లోపల తేమ మిగిలినట్టు, ఎక్కుతూనే ఉంటే లీకు ఇంకా ఉన్నట్టు. తేమ మిగిలితే నూనెతో కలిసి ఆమ్లమై కంప్రెసర్ మోటారు తీగచుట్టను తింటుంది. నువ్వేమో ఒక నట్టు వదులు చేసి, బుస్సుమని కాస్త గ్యాస్ వదిలి, గాలి పోయిందంటావు. ఆర్-32 అంటుకునే గ్యాస్ అని సిలిండర్ మీద రాసే ఉంటుంది. చదివే అలవాటు లేదా?

చివరికి తూకం. అవుట్‌డోర్ యూనిట్ ప్లేటు మీద ఇన్ని గ్రాములని అచ్చువేసి మరీ పెట్టారు. గొట్టం పొడవు కంపెనీ చెప్పినదానికన్నా ఎక్కువైతే మీటరుకు ఎన్ని గ్రాములు కలపాలో మాన్యువల్‌లో ఉంటుంది. సిలిండర్‌ను కాటా మీద పెట్టి ఎక్కించాలి. లోపల ఎంత మిగిలిందో తెలియకుండా "కొంచెం పట్టిద్దాం" అనడమే నీ బతుకు. అలా గాలిలో కలిసిన ఆర్-410ఏ ఒక్క కిలో రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన వేడి పెడుతుంది. బయట ఇంకాస్త కాగిపోతే నీకు ఇంకాస్త గిరాకీ.

నీ చుట్టాల సంగతీ తెలుసు. కంప్రెసర్ గుర్రుమని తిరగకపోతే "కంప్రెసర్ పోయింది" అనేవాడొకడు. ఇన్వర్టర్ కాని ఏసీలో ముందు చూడాల్సింది కంప్రెసర్ తిరగడానికి తోడ్పడే కెపాసిటర్, మీటర్ పెట్టి దాని మీద రాసిన మైక్రోఫారడ్‌లతో పోల్చితే తేలిపోతుంది. ఏసీ లోపల ఓ ఫ్యూజ్ కొట్టేస్తే పీసీబీ (సర్క్యూట్ బోర్డు) మొత్తం మార్చాలనేవాడు ఇంకొకడు. ఇక ఆ పదేళ్ళ కంప్రెసర్ వారంటీ, దాని కింద చీమతలంత అక్షరాల్లో గ్యాస్, లేబర్ చార్జీలు మాత్రం మీవేనని ఉంటుంది.

ఇకమీదట బిల్లు మీద మూడు అంకెలు ఉండాలి: లీకు దొరికిన చోటుతోపాటు పట్టిన గ్రాములు, వాక్యూమ్ దిగిన మైక్రాన్లు, గ్రిల్‌లోకి వెళ్ళే గాలికీ వచ్చే గాలికీ ఉష్ణోగ్రత తేడా. ఆఖరిది దాదాపు పది డిగ్రీలుంటే ఎవరూ నీ జోలికి రారు. కాటా తెచ్చుకోనివాడికి మాత్రం టీ కూడా ఇవ్వం.

ఇట్లు,
రెండుసార్లు డబ్బు కట్టిన యజమాని

తా.క. సర్వీస్ వాల్వు ఇత్తడి మూతను మీవాడు కిటికీ గట్టు మీదే వదిలేసి పోయాడు. లోపలి పిన్ను ఒక్కదాన్నే నమ్మకూడదు, గ్యాస్‌కు అసలు బందోబస్తు ఆ మూతే. మేమే బిగించుకున్నాం. దానికి చార్జీ ఎంత వేయమంటావు?