కత్తిరించి ఇచ్చిన నాలుగు గోలీల ముక్కకు

పేరు తెలియని గోలీల ముక్కా,

ఉత్తరం మొదలుపెడదామంటే ముందు నీ పేరు కావాలి. అదే లేదు. పది గోలీల షీటులోంచి మెడికల్ షాపు అన్న కత్తెరతో నాలుగు కోసి నా చేతిలో పెట్టాడు. ఆ కోతలో నీ పేరు, కంపెనీ పేరు, గడువు తేదీ అన్నీ మిగతా ఆరింటితో వెళ్లిపోయాయి. నా వంతుకు వచ్చింది వెండి రేకు మీద '...జోల్' అనే తోక ఒక్కటే. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమంటారు చూడు, అట్లా అన్నమాట. మాది నల్లగొండ కాబట్టి కృష్ణ అనుకో.

మొదటిసారి మనం కలిసింది మిర్యాలగూడలో ఒక పెళ్లి తిని వచ్చిన మర్నాడు. మోషన్స్. నువ్వు రెండు పూటల్లో కట్టేశావు, ఆ గొప్ప నీదే, కాదనను. వారం తిరక్కుండా కింది పెదవికి ఎడమ పక్కన పావలా బిళ్లంత మచ్చ లేచింది. మండింది, పొక్కింది, చివరికి నేరేడు పండు రంగులో స్థిరపడింది.

ఇంట్లో విచారణ జరిగింది. మా ఇంట్లో ఎవరికి దురద పుట్టినా మొదట అరెస్టయ్యేది వంకాయ. తర్వాత గోంగూర, ఆపైన ఎండుచేపలు. అమ్మ తీర్పు చెప్పేసింది. రెండేళ్లు నేను వంకాయ ముట్టలేదు. దావతుల్లో బగారన్నం పక్కన వంకాయ కూర వేయబోతుంటే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టిన బాధ నీకేం తెలుసు? ఆ రెండేళ్లూ నువ్వు అల్మారాలో అగర్‌బత్తీల డబ్బా పక్కన హాయిగా పడుకుని ఉన్నావు.

రెండోసారి చెరువుగట్టు జాతర నుంచి వచ్చాక. "ఆ కంపెనీది స్టాక్ లేదన్నా, ఇది వేరే కంపెనీ, మందు అదే" అన్నాడు షాపు అన్న. అతను జీవితంలో చెప్పిన అతి పెద్ద నిజం అది. రాత్రి వేసుకుని పడుకున్నాను. తెల్లారేసరికి అదే పెదవి, అదే చోటు, అదే మచ్చ. వంకాయ తిననే లేదు కాబట్టి ఈసారి దాన్ని నిర్దోషిగా వదిలేశారు. బాపు "వేడి చేసింది" అని బత్తాయి రసం తాగించాడు. మా జిల్లాలో తోటలు ఉన్నంతకాలం బత్తాయే అన్నిటికీ మందు. పుండు మీద పుల్లటి రసం పడితే ఎంత చల్లగా ఉంటుందో అడక్కు.

మూడోసారి పెదవితో పాటు మణికట్టు మీద కూడా లేచింది. అప్పుడు పోయాను చర్మం డాక్టరు దగ్గరికి.

"మచ్చ లేవకముందు ఏం గోలి వేసుకున్నారు?"

"తెల్లది మేడం."

"తెల్లవి చాలా ఉంటాయి."

"కొంచెం పొడుగ్గా ఉంటది మేడం."

ఆమె పెన్ను కింద పెట్టి నావైపు చూసింది. ఆ చూపు నాకు కాదు, నీకు రావాల్సింది.

దీన్ని ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారట. పడని మందు ఒంట్లోకి వచ్చిన ప్రతిసారీ మచ్చ పాత చోటే లేస్తుంది. మొదటిసారి రోజులు పట్టినా, తర్వాత అరగంట నుంచి ఎనిమిది గంటల్లోపే లేవొచ్చు. మచ్చ మానినా ఆ చోట చర్మంలో కొన్ని రక్షణ కణాలు కాపలా మానవట. మోషన్స్ గోలీలు, సల్ఫా మందులు, నొప్పుల గోలీలు, ఆఖరికి పారాసిటమాల్ కూడా కొందరికి ఈ పని చేస్తుంది. అంటే నీ పేరు నాకు గుర్తులేదు గానీ నా పెదవికి గుర్తుంది.

నీ తల్లి షీటు మీద ఎడమ పక్క ఎర్రగీత ఉంటుంది, చూశాను. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీ రాస్తేనే అమ్మాలని కూడా ఉంటుంది. దాన్ని పొట్టి చేస్తే ఆర్‌ఎంపీ. ఆర్‌ఎంపీకి మా ఊళ్లో కొదవా? మా సాబ్‌కి చీటీ రాసే అలవాటు లేదు, పొట్లం కట్టే అలవాటే ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి బిగుసుకుపోయిన మోకాళ్లు ఎన్నో ఆ పొట్లాల మీదే నడిచాయి. పొట్లంలో ఒకటి తెల్లది, ఒకటి పచ్చది, ఒకటి గులాబీ రంగుది. అందులో పడనిది ఏదో చెప్పాలంటే జాతకం చూడాలి.

నాది పావలా మచ్చ కాబట్టి పరాచికాలాడుతున్నాను. నీ చుట్టాల్లో కొందరితో ఆ చనువు కుదరదు. ఫిట్స్‌కు వాడే కార్బమజెపిన్, ఫెనిటోయిన్, యూరిక్ యాసిడ్‌కు వాడే అల్లోప్యూరినాల్ లాంటివి చాలామందికి మేలే చేస్తాయి. ఎక్కడో ఒకరికి మాత్రం జ్వరం వచ్చి, కళ్లు ఎర్రబడి, నోరు పుండై, ముట్టుకుంటే చర్మం ఊడి వస్తుంది. 1922లో అమెరికాలో స్టీవెన్స్, జాన్సన్ అనే ఇద్దరు డాక్టర్లు ఇద్దరు పిల్లల్లో ఇలాంటి జబ్బును చూసి రాశారు. అప్పటి నుంచి వాళ్ల పేర్లే దానికి. అది కనబడితే ఆ రోజే పెద్దాసుపత్రికి ఉరకాలి. మా వైపు ఏం చేస్తారో తెలుసా? ఒళ్లంతా పేలింది కాబట్టి అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపాకు కట్టి, పక్కనే కూర్చోబెట్టి టైముకు ఆ గోలీయే మళ్లీ మింగిస్తారు.

మేడం ఇంకోటి కూడా చెప్పింది. మందు పడకపోతే ఫిర్యాదు చేయడానికి దేశంలో 2010 నుంచి ఒక ఏర్పాటు ఉందట. 1800-180-3024కి ఫోన్ చేస్తే చాలు, పైసా ఖర్చు లేదు. మామూలు జనం నింపే ఫారం తెలుగులోనూ ఉంది. తెచ్చుకున్నాను. నా వయసు రాశాను, మచ్చ లేచిన తేదీలు రాశాను, పెదవి అని రాశాను. తర్వాత గడిలో మందు పేరు అడిగారు. ఆ పక్కన గడువు తేదీ.

షాపుకు పోయి అడిగాను. "ఆ షీటులో మిగిలిన ఆరు ఎప్పుడో అమ్ముడుపోయినయన్నా. ముగ్గురు తలా రెండు తీసుకపోయిన్రు" అన్నాడు. నీ పేరు ఇప్పుడు ఆ ముగ్గురిలో ఎవరి అల్మారాలో ఉందో. ఈ ఉత్తరం కవరు మీద '...జోల్, అగర్‌బత్తీల డబ్బా పక్కన, నల్లగొండ' అని రాసి ఉంచాను.

ఇట్లు,
కింది పెదవి ఎడమ పక్క మచ్చ గల
నీ పాత గిరాకీ