కడుపుకి వాయిదా ఉండదు

నిన్న మా కోర్టు బార్ రూమ్‌లో ఒక జూనియర్ అమ్మాయికి ఐదో నెల అని తెలిసింది. పక్కనే ఉన్న పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టకుండానే తీర్పు చెప్పేశారు. "ఈసారికి ఆలిండియా బార్ పరీక్ష మానెయ్యమ్మా, కానుపయ్యాక నెమ్మదిగా రాసుకోవచ్చు."

మంచాయనే. నాకూ అక్షరం పొల్లుపోకుండా ఇదే మాట చెప్పారు అప్పట్లో. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోబుద్ధి కావట్లేదు. పొడుగ్గా రాస్తున్నా, ఓపికున్నవాళ్ళు చదవండి.

నేనుండేది పర్లాకిమిడి, ఒడిశా గజపతి జిల్లా. పుట్టిల్లు పాతపట్నం, మహేంద్రతనయకి అవతలి గట్టు, ఆంధ్రా. బరంపురంలో లా చదివి 2023 ఫిబ్రవరిలో ఎన్‌రోల్ అయ్యాను. అక్కణ్ణించి రెండేళ్ళలోపు ఈ పరీక్ష గట్టెక్కాలి. గట్టెక్కకపోతే కోర్టుకి వెళ్ళి బల్లల మీద కూర్చోవచ్చు గానీ, కేసు పట్టేటప్పుడు వేసే వకాలత్ కాగితం మీద సంతకం పెట్టడానికి లేదు. అంటే నా గడువు 2025 ఫిబ్రవరి. 2024 సెప్టెంబరులో ఫారం నింపి 3,500 రూపాయలు కట్టాను. అప్పటికి నాకు ఐదో నెల. పరీక్ష నవంబర్ 24న అన్నారు. డాక్టరమ్మ రాసిచ్చిన తేదీ జనవరి 17. వేళ్ళ మీద లెక్కేసుకున్నా: ఎనిమిదో నెలలో రాసేస్తాను, వచ్చి సూడిదలు తింటాను, పుట్టింటికి పోతాను. సరిపోయింది.

తర్వాత నవంబర్ 24 కాస్తా డిసెంబర్ 1 అయింది. డిసెంబర్ 1 కాస్తా డిసెంబర్ 22 అయింది.

కేసులకి వాయిదాలు పడటం మాకు కొత్తేం కాదు, మా బతుకే వాయిదాల మీద. ఆ రోజు మా వాట్సాప్ గ్రూపులో అందరూ పండగ చేసుకున్నారు. నాలుగు వారాలు అదనంగా చదువుకోవచ్చని ఒకడు లడ్డూ బొమ్మలు పెట్టాడు. నేను ఫోను పట్టుకుని మంచం మీద కూర్చుని మళ్ళీ వేళ్ళు మడుస్తున్నా. ముప్ఫై రెండు వారాల కడుపు ముప్ఫై ఆరు వారాలైంది. అందరికీ తేదీ మారింది, నాకు నెల మారింది. అదే తేడా.

మరి మానెయ్యొచ్చు కదా అంటారు. మానేస్తే తర్వాతి పరీక్ష ఎప్పుడు జరిగిందో తెలుసా? 2025 నవంబర్ 30. పదకొండు నెలల పైచిలుకు. "కానుపయ్యాక నెమ్మదిగా రాసుకో" అన్నవాళ్ళ ఉద్దేశంలో కానుపంటే తుమ్ములాంటిదేమో, వచ్చేసి పోతుంది. కానుపయ్యాక ఉండేది పది నెలల పిల్ల, దోగాడుతూ, పుస్తకం కనిపిస్తే నమిలేస్తూ. పైగా ఫిబ్రవరికి గడువు దాటిపోయిన పేరు. నిజం చెప్పాలంటే ఈ పరీక్ష రాయడానికి కడుపే మంచి టైము. బిడ్డ ఉన్నచోట ఉంటుంది, పాలడగదు.

అలా అని సుఖంగా చదివానని కాదు. చదివింది తెల్లవారుజామున మూడింటికి, గుండెల్లో మంటకి నిద్ర పట్టక. కూర్చుంటే నడుము, పడుకుంటే మంట. రెండు తలగడల మీద ఒరిగి, పొట్టనే బల్లలా చేసుకుని దానిమీద బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానాలు లేని ఉత్త చట్టం పుస్తకం, ఆనించి చదివేదాన్ని. నాలుగింటికి అత్త లేచి తరవాణి కుండ కడుగుతూ ఒకసారి తలుపు సందులోంచి చూసేది. ఏమీ అనేది కాదు. అనకపోవడమే ఆవిడ అనడం.

మా ఎదురింటి మామ్మ మాత్రం దాచుకోదు. "ఏటి పిల్లా, ఇంత లావు పుస్తకాలు సదివితే గుంటడు కడుపులోనే ప్లీడరైపోతాడు" అని రోజూ ఒకసారి. గుంటడు కాదు, గుంటది పుట్టింది, అది వేరే సంగతి.

ఆ ఏడాది సిలబస్ సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టం పోయి మూడు కొత్త చట్టాలొచ్చాయి. హత్యకి 302 కాస్తా 103. 420 కాస్తా 318లో నాలుగో ఉపవిభాగం, ఇక 'ఫోర్ ట్వెంటీ గాడు' అని తిట్టడానికి కూడా లేదు. అన్నిటికన్నా నన్ను ఏడిపించింది 144. పాత దాంట్లో 144 అంటే నలుగురు గుమిగూడకూడదన్న ఉత్తర్వు, చిన్న పిల్లలకి కూడా తెలుసు. కొత్త దాంట్లో 144 అంటే భార్యాపిల్లలకి మనోవర్తి. "ఊళ్ళో 144 పెట్టారట" అని మా మామగారు పేపరు చూసి అంటే, "అందరు మొగుళ్ళూ భార్యలకి డబ్బులు కట్టాలా?" అనబోయి నాలిక కరుచుకున్నా. గర్భంతో ఉంటే మతిమరుపు వస్తుందంటారు. నాకు కొత్తది గుర్తుండకపోవడం కాదు, పాతది మరిచిపోలేకపోవడం జబ్బు.

అసలు విషయానికొస్తా. చదువుతూ చదువుతూ నాకొకటి తగిలింది. మన చట్టాలకి కడుపులో బిడ్డంటే ఎంత గౌరవమో! హిందూ వారసత్వ చట్టం 20వ సెక్షన్: తండ్రి వీలునామా రాయకుండా పోయేనాటికి బిడ్డ కడుపులో ఉండి, తర్వాత ప్రాణంతో పుడితే, అంతకు ముందే పుట్టిన బిడ్డతో సమానంగా వాటా. ఆస్తి బదిలీ చట్టం 13: ఇంకా కడుపున పడని బిడ్డకి కూడా ఆస్తి రాయొచ్చు, ముందు బతికున్న ఒకరికి జీవితకాలం హక్కిచ్చి, మిగిలినదంతా ఆ బిడ్డకి చెందేలా. (ఇంగ్లీషులో ఎక్కక తెలుగు గైడు తీస్తే 'అజాత వ్యక్తి ప్రయోజనార్థం చేయబడు అంతరణము' అని ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని ఆ తెలుగు చదివా. ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఇక్కణ్ణించి వెళ్ళిపోయారు, గైడు చూస్తే దేశమే వదిలేసేవారు.) దావా గడువులో మైనర్లకి మినహాయింపిచ్చే కాలపరిమితి చట్టం ఆరో సెక్షన్ కింద వివరణ: మైనరంటే కడుపులో బిడ్డ కూడా. ఇవన్నీ చదువుతుంటే లోపల్నించి ఒక తన్ను. నీకు ఆస్తి ఉంది, గడువులో మినహాయింపు ఉంది, వినబడుతోందా అని పొట్ట మీద తట్టేదాన్ని.

ఇక అమ్మ సంగతి. వెతగ్గా వెతగ్గా సీఆర్‌పీసీ బదులొచ్చిన కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ 456లో దొరికింది: ఉరిశిక్ష పడ్డ ఆడమనిషి కడుపుతో ఉంటే హైకోర్టు ఆ శిక్షని యావజ్జీవంగా మార్చాలి. ఉరికంబం దగ్గర నిలబడ్డదానికి ఒక సెక్షనుంది. పరీక్ష హాల్లో కూర్చున్నదానికి లేదు. ఫారంలో వైకల్యం ఉందా అని అడిగే గడి ఉంది, గర్భం గడి లేదు. గర్భం వైకల్యం కాదు, ఒప్పుకుంటా. మరి ఏమిటో కూడా ఎక్కడా రాయలేదు.

ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది 1961లో. మా న్యాయవాదుల చట్టం వచ్చిందీ 1961లోనే. ఒకే ఏడాది పుట్టిన కవలలు, ఇద్దరికీ మాటల్లేవు. 2017 సవరణ తర్వాత మొదటిది 26 వారాల జీతంతో సెలవిచ్చేది, ఉద్యోగికి. 2025 నవంబర్ నుంచి ఆ సెలవు సామాజిక భద్రతా కోడ్‌లోకి మారింది, అదీ ఉద్యోగికే. వకీలు ఎవరి ఉద్యోగి? సీనియర్ గారు యజమాని కాదు, క్లయింటు అసలే కాదు. కోర్టులో నిలబడి పక్కవాళ్ళ ప్రసూతి సెలవు కోసం వాదించొచ్చు, మనకి మాత్రం సెలవంటే ఫైలు ఇంకొకరి చేతికి పోవడం.

దీనికి మా ప్రాంతంలో వందేళ్ళ కథుంది. కటక్‌కి చెందిన సుధాంశుబాల హజ్రా ప్లీడరుగా పేరు నమోదు చేసుకుంటానంటే 1921లో పాట్నా హైకోర్టు కుదరదంది. అప్పట్లో ఒడిశా, బిహార్ ఒకే రాష్ట్రం. చట్టంలో 'వ్యక్తి' అని ఉంది కదా అంటే, ఆ మాటలో ఆడవాళ్ళు రారన్నారు. 1923లో ప్రత్యేకంగా చట్టం తెస్తే గానీ దారి తెరుచుకోలేదు. ఆడదాన్ని వ్యక్తి అనడానికే ఒక చట్టం కావాల్సొచ్చింది. ఇప్పుడు కడుపులో బిడ్డ వ్యక్తి, దాన్ని మోసేది అడ్మిట్ కార్డు నంబరు.

సెంటరు నాకు భువనేశ్వర్ పడింది. పలాస దాకా కారు, అక్కణ్ణించి రైలు. ప్రయాణం మాట చెప్పగానే అత్త నోరు విప్పింది. "కడుపుతో ఉన్నోళ్ళు ఏరు దాటకూడదంటారు. నువ్వెన్ని ఏళ్ళు దాటాలేటమ్మా?" మూడే అత్తా అన్నా. ఆవిడ కాసేపు ఆలోచించి, "మీ పుట్టింటికెళ్ళినా ఒకటి దాటాలి కదా, ఒకటైనా మూడైనా ఒకటే" అంది. నా తరఫున ఆ ఇంట్లో వచ్చిన మొదటి వాదన అది. డాక్టరమ్మ ఒక కాగితం మీద ఆసుపత్రి చీటీలన్నీ పిన్ను కొట్టిచ్చి, రోజూ బిడ్డ కదలికలు లెక్కపెట్టమంది. చేతిలో ఎప్పుడూ ఉండేది ఆస్తి బదిలీ చట్టమే కాబట్టి దాని అంచుల్లో పెన్సిల్‌తో గీతలు పెట్టా. నాలుగు నిలువు, ఒకటి అడ్డం.

ఆ గీతలే నా కొంప ముంచబోయాయి. హాల్లోకి బేర్ యాక్ట్ తీసుకెళ్ళొచ్చు, కానీ అందులో రాతలేవీ ఉండకూడదు. గేటు దగ్గర తనిఖీ చేసే పిల్ల పేజీలు తిప్పి ఆగింది. ఇదేంటి, కోడా? కోడ్ కాదమ్మా, తన్నులు. ఆ పిల్ల నా పొట్ట చూసింది, పేజీ చూసింది, మళ్ళీ పొట్ట చూసింది. పై అధికారిని పిలిచింది. ఆయన నావంక చూడకుండానే రబ్బరు చేతికిచ్చారు. గేటు పక్కన అరుగు మీద కూర్చుని పదిహేడు రోజుల తన్నులు చెరిపా. వెనక వరసలో జనం.

లోపల బల్లలు స్కూలు పిల్లలవి, కుర్చీ బల్లా కలిపి బిగించినవి. ఎదురుగా కూర్చుంటే పొట్ట పట్టదు. పక్కకి తిరిగి కూర్చున్నా, ఒక మోచెయ్యి మీద, ఓఎంఆర్ షీటు ఏటవాలుగా పెట్టుకుని. వంద ప్రశ్నలు, 45 వస్తే చాలు, తప్పుకి మార్కులు తగ్గించరు. చెప్పాలంటే పేపరు కష్టం కాదు. బాత్రూము కష్టం. రెండో అంతస్తు నుంచి కిందికి, ఆవరణ దాటి అవతలి మూలకి. మూడుసార్లు వెళ్ళా, ప్రతిసారీ వెనక ఒక మనిషి కాపలా. ఆ నడకల్లో పోయిన టైము నాకెవరూ తిరిగివ్వలేదు. ఆ సెంటరు వాళ్ళని నేనేం తప్పుపట్టను, వాళ్ళ చేతిలో కాగితంలో అలాంటి ఏర్పాటేదీ రాసిలేదు.

నాకు వ్యక్తిగతంగా మండేది ఇంకొకటి. మా ఆయన కూడా ఆ నెలల్లోనే డిపార్ట్‌మెంట్ పరీక్ష రాశారు. ఆయనా తండ్రి కాబోతున్నారు. ఒక్క మనిషైనా "ఈసారికి మానెయ్యి బాబూ, బిడ్డొచ్చాక రాసుకో" అన్నారా? మన బరంపురం వి.వి. గిరి గారు డబ్లిన్ వెళ్ళి బార్ చదివొచ్చారు, పధ్నాలుగు మంది పిల్లల్ని కన్నారు, రాష్ట్రపతి అయ్యారు. ఆయన జీవితం గురించి రాసేటప్పుడు పిల్లల్ని పెంచుతూ వకాలత్ ఎలా నెట్టుకొచ్చారని ఎవరూ రాయరు.

దీనికి అటువైపు ఉన్న బాపతు ఇంకా చిరాకు. పరీక్ష రాసొచ్చాక మా చుట్టాలొకరు నా ఫొటో పెట్టి ఝాన్సీ లక్ష్మి అని రాశారు. రెండొందల మంది చప్పట్లు కొట్టారు. పొగిడినవాళ్ళలో ఒక్కరూ, దీనికి వేరే కుర్చీ ఎందుకివ్వలేదని అడగలేదు. నేను గుర్రం ఎక్కలేదు బాబూ, పక్కకి తిరిగి కూర్చున్నా, అంతే.

నేనడిగేది పెద్దదేం కాదు. కాలపరిమితి చట్టం 12వ సెక్షన్ ప్రకారం అప్పీలు గడువు లెక్కేసేటప్పుడు, తీర్పు నకలు సంపాదించడానికి పట్టిన రోజుల్ని తీసేస్తారు. ఒక జిరాక్స్ కాగితం కోసం గడియారం ఆపుతాం. మనిషిని కనడానికి పట్టిన రోజులకి మాత్రం ఆపం. ఆ రెండేళ్ళ లెక్కలోంచి కానుపు నెలలు తీసెయ్యండి, రాయాలనుకున్న అమ్మాయికి కింది అంతస్తులో విడి కుర్చీ వెయ్యండి, తేదీ వెనక్కి జరిగితే సెంటరు మార్చుకోనివ్వండి. మానెయ్యాలా రాయాలా అన్నది ఆ అమ్మాయికే వదిలెయ్యండి, టీ గ్లాసులకి కాదు.

జనవరిలో పాప పుట్టింది, అమ్మ దగ్గర, ఏరు దాటాకే. మార్చిలో ఫలితాలొచ్చినప్పుడు ఒక చేత్తో పాలిస్తూ రెండో చేత్తో నంబరు కొట్టా, మూడుసార్లు తప్పు కొట్టి నాలుగోసారికి తెరుచుకుంది. పాసయ్యా. మార్కులు అడక్కండి.

నిన్నటి అమ్మాయికి నా బేర్ యాక్ట్‌లన్నీ ఇస్తానని చెప్పా. ఈ చుట్టుపక్కల ఇంకెవరికైనా కావాలంటే ఆమె తర్వాత తీసుకోండి. ముందే చెబుతున్నా, కాంట్రాక్టు చట్టం అట్ట మీద ఉసిరికాయ పచ్చడి మరకుంది. ఆస్తి బదిలీ చట్టంలో ఒక పేజీలో గీతలు సరిగా చెరగలేదు, గేటు దగ్గర అడిగితే ఏం చెప్పాలో నాకు ఫోన్ చెయ్యండి.